పడకగది తలుపు

మృదుల గోడనాడిని వంటింటి గోడకి ఆనించింది. అరచేతిలో ఇమిడే ఆ పలక, ఎక్కడ ఆనించినా ఇంటి గోడలన్నిట్లో మిగిలిపోయిన పాత అదుర్ల జాడలన్నీ చదివి, ఏది పాడైందో, ఎందుకు పాడైందో, ధర ఎంత తగ్గాలో చెప్పేస్తుంది. అది వచ్చాక కాకినాడలో ఇల్లు కొనేవాళ్ళు మేస్త్రీని వెంటబెట్టుకు రావడం మానేశారు. మనుషులకంటే గోడలకే ఎక్కువగా నాడి చూసే రోజులవి.

ఆమెకిది మొదటి కొనుగోలు. బాగుచేయించి అద్దెకిద్దామని పన్నెండేళ్ళ కష్టార్జితం పట్టుకొచ్చింది. చేయి తిరిగినవాళ్ళ సలహాలన్నీ కంఠతా వచ్చు: ముందు కప్పు చూడు, తర్వాత నీళ్ళ గొట్టాలు, కొత్త రంగు చూసి మోసపోకు, కనబడ్డ ప్రతి లోపానికీ బేరమాడు.

"కప్పుకి చెమ్మ లేదండి, గొట్టాలూ బానే ఉన్నాయి," అంది ఇంటాయన చక్రధర్‌తో. "పడకగది తలుపే, ఆరేళ్ళలో పదకొండుసార్లు అదిరిందట. చుట్టూ గోడ బీటలిచ్చింది. లక్షన్నర తగ్గించాలి."

"సముద్రం గాలండీ, కొట్టుకుంటూ ఉంటది," అని నవ్వాడు చక్రధర్. ఆ నవ్వుతోనే భార్య ధరణివైపు తిరిగాడు. "విన్నావా? నీ తలుపు వల్ల లక్షన్నర పోయింది." కాగితాలు తెస్తానంటూ కిందికి దిగాడు.

మొదటి బేరమే గెలిచానని మృదుల పొంగిపోయింది. ఆ సంబరంలో, పలకమీద ఎవరూ తెరవని 'కారణం' గడి కూడా తెరిచింది. 'బయటినుంచి మనిషి తన్నిన బలం. లోపల గొళ్ళెం వేసి ఉంది.' పదకొండుసార్లూ అదే. నాలుగు ఈ నెలలోవే.

ఆమె పలకని ధరణివైపు తిప్పింది. "ధరణిగారూ, ఇది..."

"ఇల్లు నా పేరున ఉందండి. సంతకం పెట్టనంటున్నాను," అంది ధరణి తలుపువైపు చూడకుండా. "ఈ నెల నలుగురొచ్చారు. అందరి దగ్గరా ఈ యంత్రం ఉంది. అందరూ మీలాగే తలుపు చూపించి బేరమాడారు. వాళ్ళలా వెళ్ళగానే ఈయన..."

మాట పూర్తి కాలేదు. లోపాలు పట్టడం నేర్పినవాళ్ళెవరూ ఈ సంగతి చెప్పలేదు. తను గెలిచిన బేరానికి ఇవాళ ఈమె దెబ్బలు తినాలి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"మీకు అమ్మడం ఇష్టం లేదు కదూ?"

"ఉండనిస్తే ఇక్కడే ఉంటానండి."

మెట్లమీద అడుగులు వినిపించాయి. మృదుల ధరణిని పడకగదిలోకి లాక్కెళ్ళి గొళ్ళెం వేసింది. పోలీసులకి ఫోను కలిపి, చిరునామా చెప్పింది. దారిలో ఉన్నామన్నారు, పది నిమిషాలు పడుతుందన్నారు.

"ఏంటండీ, తలుపు తియ్యండి! కాగితాలు తెచ్చాను," బయటినుంచి చక్రధర్ గొంతు.

"నేను కొనట్లేదు," అంది మృదుల. "ఆవిడ సంతకం పెట్టరు."

ఇద్దరూ తలుపుకి వీపులు ఆనించారు. తన్ను పడింది. ఇందాక అంకెగా చూసి బేరమాడిన బలం మృదుల వెన్నులోకి దిగింది. పక్కన ధరణి కదల్లేదు, ఆమెకది అలవాటే. మృదుల ఆమె చేయి పట్టుకుని, పాదాలు నేలకి గట్టిగా అదిమి, రెండో తన్నుకి సిద్ధపడింది.