ఖాళీ గది కోసం కొత్త కార్డు

ఆదివారం మధ్యాహ్నం కళ్ళజోడన్న కంప్యూటరు రిపేరు షాపులో ఎవరూ ఉండరు. అందుకే అప్పుడు వెళ్ళాను. నలుగురు ఉన్నచోట నాకు నోరు పెగలదు.

ఆయనకి రెండు కళ్ళజోళ్ళు. ఒకటి ముక్కు మీద, ఇంకోటి నెత్తి మీద. నెత్తి మీదున్న దాని కోసం రోజుకోసారి షాపంతా తిరగేస్తాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఏం తమ్ముడూ, మళ్ళీ మోసుకొచ్చావా డబ్బాని? ఇవాళైనా నువ్వు చెప్తావా, దాన్నే అడగమంటావా?"

కంప్యూటరు డబ్బాని బల్ల మీద పెట్టాను. నా వేళ్ళకి ఇంకా జిగురు ఉంది. నేను అట్టపెట్టెల కార్ఖానాలో పని చేస్తాను. అట్ట మడవాలి, జిగురు రాయాలి, నొక్కాలి. మాట్లాడే పని లేదు. అది చాలు నాకు.

కంప్యూటరు నాది కాదు. అక్కది. అక్క బట్టల షాపులో చేసేది. రోజంతా నిలబడి, కాళ్ళు వాచిపోయి వచ్చేది. వచ్చి ఈ కంప్యూటరు ముందు కూర్చుంటే కాళ్ళ నొప్పి మర్చిపోయేది. ఒక్కో ముక్క కొనుక్కొచ్చి తనే బిగించుకుంది.

అక్క వెళ్ళిపోయి ఏడు నెలలైంది. వెళ్ళిపోవడం అంటే... ఒకరోజు పొద్దున్నే డ్యూటీకని బయల్దేరింది. షాపుకి చేరలేదు. అంతే. మేం అడగని మనిషి లేడు, వెతకని చోటు లేదు. పోయిందని తెలిస్తే ఏడుస్తాం. ఉందని తెలిస్తే ఎదురు చూస్తాం. మేం రెండూ చేస్తున్నాం. అమ్మ వీధి తలుపుకి గడియ వెయ్యడం మానేసింది.

అక్క ఆడిన ఆటలో ఇళ్ళు కట్టుకోవచ్చు. అందరూ కోటలు కడతారు. అక్క మా ఇల్లు కట్టింది. వంటింటి గోడకి పెచ్చు ఊడిన చోటుతో సహా. నా గది తలుపు మీద "పిల్లి" అని బోర్డు కూడా పెట్టింది. చప్పుడు చెయ్యకుండా నడుస్తానని అక్క నన్ను అలా పిలిచేది. అమ్మకీ అదే అలవాటైంది. రోజూ సాయంత్రం పని నుంచి రాగానే నేను అక్క గదిలో, అక్క కుర్చీలో కూర్చుని, ఆ ఇంట్లో తిరుగుతాను. అమ్మ నా వెనక మంచం మీద కూర్చుని చూస్తుంది.

"స్లో అవుతోందన్నా," అన్నాను.

"ఎక్కడ?"

"అక్క గదిలోకి వెళ్తే. ఆటలో."

స్క్రీను మూలన ఒక అంకె ఉంటుంది. సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తోందో చెప్తుంది. ఎక్కువుంటే ఆట సాఫీగా పోతుంది, తగ్గితే ఈడుస్తుంది. మా ఇంట్లో హాల్లో నలభై. వంటింట్లో నలభై. అక్క గదిలో తొమ్మిది. అక్కడికి వెళ్ళగానే లోపల బొమ్మలు గీసే కార్డు ఫ్యాను గోల పెడుతుంది, డబ్బా కాలిపోతుంది. ఆ గదిలో మంచం, బల్ల, కుర్చీ, కింద తివాచీ. అంతే. ఖాళీ గది.

అన్న గ్రాఫిక్స్ కార్డు బయటకి లాగాడు. ఫ్యాను ఇరుసుకి చుట్టుకుని పొడుగు వెంట్రుక ఒకటి ఉంది. చిమటాతో మెల్లగా తీశాడు. నలిపి పారేశాడు. ఆయన అటు తిరగ్గానే నేను దాన్ని ఏరి జేబులో పెట్టుకున్నాను.

వేరే ఆటలు పెట్టి చూశాడు. అన్నీ బాగానే నడిచాయి.

"కార్డు అబద్ధం చెప్పదు తమ్ముడూ. ఎదురుగా ఉన్నదే గీస్తుంది. ఖాళీ గదిలో ఇంత కష్టపడుతోందంటే అక్కడ గీయాల్సింది ఏదో ఉంది. మీ అక్క గోడల్లో ఏ సామానో దాచి ఉంటుంది. ఇది పాతది, మొయ్యలేకపోతోంది. కొత్తదైతే మొత్తం గీసి చూపిస్తుంది."

నేను పాత కార్డు చేతిలోకి తీసుకున్నాను.

"ఇదే వాడితే?"

"మహా అయితే పది రోజులు. ఆ వేడికి కాలిపోతుంది." బల్ల కింద నుంచి ఒక పెట్టె తీశాడు. "ఇది పట్టుకెళ్ళి చూడు. నచ్చకపోతే వారం పది రోజుల్లో తెచ్చెయ్. మొహమాటపడకు. నీ మొహమాటం చూస్తే నాకు మొహమాటం వస్తుంది."

పెట్టె పట్టుకొచ్చాను. విప్పలేదు. పాత కార్డే మళ్ళీ బిగించాను.

ఆ సాయంత్రం అమ్మ ఎప్పట్లాగే అంది, "అక్క గదిలోకి వెళ్ళరా."

వెళ్ళాను. తొమ్మిది. ఫ్యాను మూలుగు మొదలైంది. వేడి... ఆ వేడితో పాటే వాసన. అక్క తలకి రాసుకునే నూనె వాసన. కార్డులో చిక్కుకున్న వెంట్రుక వేడెక్కి ఆ వాసన వస్తోందని నాకు నేను చెప్పుకున్నాను. వెంట్రుక నా జేబులో ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

"వచ్చింది," అంది అమ్మ, కళ్ళు మూసుకుని. ఆమె రోజూ ఈ గదిలో కూర్చునేది ఆట కోసం కాదు. ఈ వాసన కోసం.

సోమవారం ఆ అంకె ఏడు. బుధవారం అయిదు. బుధవారమే పెట్టె సంగతి అమ్మకి చెప్పాను.

"కొత్తది పెడితే ఏమవుతుంది?"

"బాగా కనపడుతుందమ్మా."

"ఏం కనపడుతుంది?"

నేను తల వంచుకున్నాను. అమ్మ స్క్రీను వైపు చూసింది.

"అక్కడ మీ అక్కే కనపడిందనుకో," అంది నెమ్మదిగా, "ఇక బయట ఎక్కడా లేనట్టే కదరా."

నేనూ మూడు రోజులుగా అనుకుంటున్నది అదే. కార్డు మారిస్తే తెలిసిపోతుంది. మార్చకపోతే ఇది కాలిపోతుంది, ఈ వాసన కూడా పోతుంది.

"వద్దురా. పెట్టకు," అంది.

పనిలో చెయ్యి ఆడలేదు. మేస్త్రీ నా పెట్టె ఎత్తి అందరికీ చూపించాడు. "అడుగే అంటించలేదు చూడండి. ఇందులో గాలి పోసి అమ్ముతాడట!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే కళ్ళలో నీళ్ళొచ్చాయి. జిగురు ఘాటు అని చెప్పాను.

శుక్రవారం మూడు. శనివారం రెండు. మీట నొక్కితే బొమ్మ ఎప్పటికో కదులుతోంది. డబ్బా మీద చెయ్యి పెడితే జ్వరం వచ్చిన ఒళ్ళులా ఉంది. ఇంకోటి కూడా జరిగింది... ఇంతకు ముందు గది లోపలికి వెళ్తేనే అంకె పడేది. ఇప్పుడు తలుపు తియ్యక ముందే పడుతోంది. తలుపుకి అటు పక్కన ఎవరో నిలబడి ఉన్నట్టు.

ఆదివారం పొద్దున అమ్మ ఆ పెట్టె తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. వారం నుంచి ఆమె సరిగ్గా తినలేదు. మొహం పీక్కుపోయింది.

"పెట్టెయ్ రా పిల్లీ. నా వల్ల కాదు. ఏదో ఒకటి తెలిసిపోనీ."

మధ్యాహ్నం కూర్చున్నాను. బయట మబ్బు పట్టింది. పాత కార్డు తీసి తువ్వాల్లో చుట్టి పక్కన పెట్టాను. కొత్తది బిగించాను. మరమేకు రెండుసార్లు కింద పడింది. అమ్మ నా భుజం పట్టుకుని నిలబడింది. ఆమె వేళ్ళు ఎముకలోకి దిగుతున్నాయి.

హాలు వచ్చింది. నూట నలభై. మా ఇల్లు ఎప్పుడూ అంత స్పష్టంగా లేదు. గోడ మీద చెమ్మ మరక కనపడుతోంది. అక్క గది తలుపు ముందు ఆగాను. నూట నలభై.

"తియ్యి," అంది అమ్మ, గుసగుసగా.

తీశాను.

మంచం... బల్ల... కుర్చీ... తివాచీ.

ఎవరూ లేరు.

అంకె కదల్లేదు. నాలుగు మూలలూ తిరిగాను. మంచం కింద చూశాను. ఎవరూ లేరు.

అమ్మ కింద కూలబడి ఏడ్చింది. కాసేపటికి అది నవ్వని తెలిసింది. "లేదురా! అక్కడ లేదంటే బయట ఉన్నట్టే కదరా! ఎక్కడో ఉంది నా తల్లి... ఎక్కడో ఉంది..." కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "ఆకలేస్తోందిరా," అంది. ఏడు నెలల్లో ఆ మాట వినలేదు నేను. వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు మొదలైంది.

నేను ఒక్కడినే ఉన్నాను. ఒళ్ళంతా తేలికైంది. ఆట కట్టేద్దామని మీట మీద చెయ్యి పెట్టాను.

అప్పుడు వాసన వచ్చింది.

తలనూనె.

డబ్బా తాకి చూశాను. చల్లగా ఉంది. కొత్త కార్డు ఫ్యాను తిరగడం కూడా లేదు. దాంట్లో అక్క వెంట్రుక ఒక్కటీ లేదు. పాత కార్డు తువ్వాల్లో ఉంది, అదీ చల్లగానే ఉంది.

వాసన డబ్బా లోంచి రావడం లేదు... వెనక నుంచి వస్తోంది.

నేను తిరగలేదు. స్క్రీనునే చూస్తూ ఉండిపోయాను. అందులో అక్క గది. అందులో ఆ తివాచీ. పాత కార్డు దాన్ని ఎర్రటి మచ్చలా చూపించేది. కొత్తది ఒక్కో పోగునీ గీసింది. పోగులన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి.

కుర్చీ వెనక రెండు చోట్ల తప్ప.

అక్కడ పోగులు అణిగి ఉన్నాయి. రెండు పాదాలంత మేర. వేళ్ళు కుర్చీ వైపు ఉన్నాయి.

ఈ ఆటలో ఎంత నడిచినా అడుగుల గుర్తులు పడవు. అది నాకు బాగా తెలుసు.

చూస్తుండగా ఒక పాదం చోట పోగులు మెల్లగా లేచాయి... ఒక్కొక్కటీ... కుర్చీకి ఇంకాస్త దగ్గరగా, వేరేచోట అణిగాయి.

ఆటలో ఆ కుర్చీ ఖాళీ. కానీ బయట ఆ కుర్చీలో ఉన్నది నేను.

"అక్కా..." అందామనుకున్నాను. మాట రాలేదు. రెండో పాదం లేచింది. మెడ మీద వెంట్రుకలు కదిలాయి. ఊపిరి కాదు. ఊపిరైతే వెచ్చగా ఉంటుంది.

వైరు లాగేశాను. స్క్రీను నల్లబడుతుంటే, అందులో అద్దంలోలా నా వెనకున్నది కనపడుతుందని గుర్తొచ్చింది. గట్టిగా కళ్ళు మూసుకున్నాను. వంటింట్లోంచి అమ్మ పిలిచే దాకా తెరవలేదు.

అమ్మకి చెప్పలేదు. ఎలా చెప్తాను? ఆ పూట ఆమె రెండుసార్లు పెట్టుకుని తింది.

మర్నాడు పెట్టె తిరిగి ఇచ్చేశాను.

"ఏం తమ్ముడూ, నచ్చలేదా?"

"మరీ బాగా కనపడుతోందన్నా."

కళ్ళజోడన్న నెత్తి మీది జోడు జారి పడేంత నవ్వాడు. "ఇన్నేళ్ళలో ఈ కంప్లైంటు వినలేదురా బాబూ!"

అయిదు రోజులు కంప్యూటరు ముట్టుకోలేదు. ఈలోగా అమ్మ ఇల్లంతా దులిపింది. అక్క బట్టలు ఉతికి ఆరేసింది. "వచ్చేసరికి మాసిపోయి ఉంటే తిడుతుంది," అంది. ఆమె మళ్ళీ మనిషైంది. నేను ఆమెని చూసి నవ్వేవాడిని. పక్కకెళ్ళి వణికేవాడిని.

ఆరో రోజు సాయంత్రం ఉండబట్టలేక పాత కార్డు బిగించాను. ఒక్కసారి... అక్క ఇంకా ఇక్కడే ఉందేమో చూడాలని. కాలిపోతే పోనీ.

అక్క గది తలుపు తీశాను. నలభై.

లోపలికి వెళ్ళాను. నలభై. ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. వాసన లేదు. కుర్చీ చుట్టూ తిరిగాను. నలభై. నాకు ఏడుపొచ్చింది. వెళ్ళిపోయావా అక్కా, అనుకున్నాను. భయం పోయినందుకో, అక్క పోయినందుకో నాకే తెలీదు.

నా గదిలోకి వెళ్ళాను. నలభై. హాల్లో నలభై.

వంటింటి వైపు తిరిగాను.

ముప్ఫై... పన్నెండు... మూడు.

ఫ్యాను మూలిగింది. గుమ్మం దాటాను. ఒకటి.

పొయ్యి దగ్గర బొమ్మ ఆగిపోయింది. మీట ఎంత నొక్కినా కదలదు.

అప్పుడే మా వంటింట్లోంచి, నిజం వంటింట్లోంచి, అమ్మ గొంతు వినపడింది. నవ్వుతూ ఉంది.

"ఏరా పిల్లీ, ఎప్పుడొచ్చావు? అలా చప్పుడు లేకుండా వెనకాల నిలబడకురా, చెయ్యి కాలుతుంది!"

నేను అక్క గదిలో, అక్క కుర్చీలో ఉన్నాను.

వెనక్కి తిరగకమ్మా అని అరవాలి. తిరిగితే తెలిసిపోతుంది. నోరు తెరిచాను... పెగల్లేదు.

"మాట్లాడవేంట్రా?"

గరిట చప్పుడు ఆగింది. వంటింట్లోంచి నూనె వాసన వచ్చింది.

అది వంటనూనె కాదు.