ఈగల బొమ్మ సాక్ష్యం

లియోకాడియా ఆఫీసులోకి వచ్చింది గానీ కూర్చోలేదు. కిటికీ దాకా నడిచి, వీధి చివర కెథీడ్రల్ చర్చి శిఖరాల వంక చూసి, మళ్లీ తలుపు దగ్గరికొచ్చింది. స్పెయిన్‌లోని ఆ బుర్గోస్ ఊళ్లో ఆవిడ భోజనశాల తెలియనివాళ్లు లేరు. ముప్పై ఏళ్లుగా కట్టెల పొయ్యిలో గొర్రెపిల్ల మాంసం కాల్చి పెడుతోంది.

"నా వంటలో మందు కలిసిందంటున్నారు, ఎలాదియో గారూ. పోలీసులు వంటింటికి సీలు వేశారు. నిన్నటిదాకా పలకరించినవాళ్లు ఇవాళ అవతలి పక్క నుంచి నడిచిపోతున్నారు."

ప్రైవేట్ డిటెక్టివ్ ఎలాదియో జరిగింది మొదటి నుంచీ చెప్పమన్నాడు. సహాయకురాలు కసిల్డా నోటుబుక్కు తెరిచింది.

నిన్న మధ్యాహ్నం ఫెర్మిన్, విసెంతా అనే అన్నాచెల్లెళ్లు వలెన్సియా నుంచి ఊరు చూడటానికి వచ్చి అక్కడ భోంచేశారు. ఇద్దరూ అరవై దాటినవాళ్లే. బియ్యం కూరిన రక్తపు సాసేజ్ ఒకే పళ్లెంలోంచి పంచుకుని తిన్నారు. చివర్లో తెల్ల జున్ను, తేనె, ఎవరి పళ్లెం వాళ్లకి. కాసేపటికి విసెంతా బల్ల మీదే ఒరిగిపోయింది. అది నిద్రమందని ఆసుపత్రిలో తేల్చారు.

"జున్ను ఎవరి ముందు పెట్టారు?"

"ఆవిడ చేతులు కడుక్కోవడానికి లేచింది. రెండూ ఇక్కడే పెట్టమన్నాడు ఆయన. ఆవిడొచ్చి తిని, తేనె చేదుగా ఉందంది. మా కొండ తేనె అంతేనమ్మా అని నేనే సర్దిచెప్పా. తర్వాత రద్దీలో పడి, ఆయన కేకేసేదాకా అటు చూడలేదు."

ఆసుపత్రిలో ఫెర్మిన్ చెల్లెలి చెయ్యి పట్టుకుని మంచం పక్కనే కూర్చున్నాడు. అతన్ని చూస్తే కసిల్డాకి జాలేసింది. విసెంతాకి మెలకువ వచ్చింది కానీ ఎవరితోనూ మాట్లాడటం లేదు. తిన్నాక చెల్లెల్ని కాఫీతో వదిలి, రెండున్నరకి ఒక్కడినే కెథీడ్రల్‌కి వెళ్లానని చెప్పాడు ఫెర్మిన్.

"అక్కడ గడియారం మీద ఈగల బొమ్మని చూశారా?" ఎలాదియో మాటవరసకి అడిగాడు.

"చూడకేం. గంట కొడుతూ నోరు తెరుస్తుంటే నిలబడి చూశా. వెంటనే తిరిగొచ్చేశా. అప్పటికే తను పడిపోయి ఉంది."

విసెంతా ముఖం గోడవైపు తిప్పుకుంది.

అక్కణ్నుంచి ఎలాదియో తిన్నగా కెథీడ్రల్‌కి నడిచాడు. గడియారం అరగంట కొట్టినప్పుడు పక్కనున్న చిన్న బొమ్మ మాత్రమే గంటలు మోగించింది. ఎర్రకోటు ఈగల బొమ్మ కదల్లేదు. ఎలాదియో స్తంభాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఇంకో అరగంట గడిపాడు. సరిగ్గా గంట కాగానే ఈగల బొమ్మ గంట కొడుతూ, దెబ్బకోసారి ఈగని పట్టేటట్టు నోరు తెరిచి మూసింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే కదా, ఇందులో ఏముందని కసిల్డా అనుకుంది.

అతను టికెట్లిచ్చే ఆవిడతో రెండు నిమిషాలు మాట్లాడి వచ్చాడు. నిన్న ఒక పెద్దాయనతో మాట్లాడాక ఆ బొమ్మ కింద ఒకామె ఏడ్చిందట, ఊళ్లో ఎక్కడో బస చేసి ఉంటుంది, వెతకమని కసిల్డాని పంపాడు. ఈడ్చికొట్టే గాలిలో కసిల్డా నాలుగు లాడ్జీలు తిరిగింది. ఐదోదాంట్లో ఆమె దొరికింది, పేరు నురియా. అప్పటికే సంచీ సర్దుకుని మెట్లు దిగుతోంది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ లియోకాడియా భోజనశాలలో చేరారు. ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పొద్దున్నే ఆసుపత్రి నుంచి వచ్చిన విసెంతా అన్న పక్కన కూర్చుంది; ఆమె చెయ్యి అతను పట్టుకునే ఉన్నాడు.

"సాసేజ్ ఇద్దరూ తిన్నారు, ఒక్కరికే మత్తెక్కింది," ఎలాదియో మొదలుపెట్టాడు. "కాబట్టి మందు కలిసింది చేదనిపించిన తేనెలో. ఆ తేనె కాసేపు ఫెర్మిన్ గారి ఎదుటే ఉంది. ఇక ఆ బొమ్మ అరగంటకి నోరు తెరవదు. తెరవడం చూశారంటే మీరక్కడ ఉన్నది మూడింటికి. ఆ టైము ఎందుకు దాచారు?"

ఫెర్మిన్ రెండో చేత్తో బల్లగుడ్డ అంచు సర్దాడు.

"మూడింటికి అక్కడ విసెంతా గారి కోసం ఒకామె ఎదురుచూసింది. మీరు వెళ్లి, 'మీ అమ్మకి నిన్ను చూడాలని లేదు' అని చెప్పి పంపేశారు. నలభై రెండేళ్ల కిందట ఆ బిడ్డని వేరేవాళ్లకి ఇచ్చేసి, పురిట్లోనే పోయిందని చెల్లెలికి చెప్పింది మీరే. ఈమధ్య ఆ బొమ్మ కింద కలుద్దామని బిడ్డ దగ్గర్నుంచి విసెంతా గారికి ఉత్తరం వచ్చింది, ఆవిడకి తెలియకుండా మీరూ చదివారు."

"పెళ్లి కాని పిల్ల," అన్నాడు ఫెర్మిన్ నేల చూస్తూ. "అప్పుడు ఇంకేం చెయ్యమంటారు? ఇన్నేళ్ల తర్వాత ఏ మొహంతో చెప్పను?"

విసెంతా మొదటిసారి నోరు విప్పింది.

"నిన్న నా చెయ్యి పట్టుకుని కూర్చున్నావు, అన్నయ్యా. బిడ్డ పోయిందని చెప్పిన రోజు కూడా ఇలాగే పట్టుకున్నావు."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇన్‌స్పెక్టర్ ఫెర్మిన్‌ని లేవమన్నాడు.

కసిల్డా వీధి తలుపు తెరిచింది. నురియా లోపలికొచ్చి, రెండడుగులు వేసి ఆగిపోయింది. విసెంతా లేచి నిలబడింది గానీ దగ్గరికి వెళ్లలేకపోయింది. ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. ఉత్తరం అందినప్పటి నుంచీ ఏమేం అడగాలనుకుందో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"తిన్నావా?" అంది చివరికి.

నురియా లేదన్నట్టు తల ఊపింది.

లియోకాడియా ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. అతను వంటింటి తలుపు మీది సీలు చించేశాడు. ఆవిడ లోపలికెళ్లి పొయ్యిలో కట్టెలు పేర్చడం మొదలుపెట్టింది.