చెదలు తిన్న రహస్యం

ఫైలు మాయమైంది.

మూట ఉంది. మూటలో ఫైలు లేదు. దాని బదులు గుప్పెడు చెదల మట్టి, చిల్లులు పడ్డ కాగితం ముక్కలు.

ఉదయం పదకొండు గంటలకు బాపట్లలోని ఆ సర్కారు ఆఫీసు రికార్డు గదిలో ఇన్‌స్పెక్టర్ ఫిన్నీ ముక్కుకు కర్చీఫ్ కట్టుకొని నిలబడ్డాడు. సమాచార కమిషన్ ఆర్డరు మీద ఎఫ్ఐఆర్ కట్టిన కేసు. స్టేషన్‌లో ఎవరికీ గిట్టని కేసు. కాగితాలు వెతకడానికి పోలీసులెందుకని డీఎస్పీ కూడా విసుక్కున్నాడు.

ఎదురుగా ముగ్గురు. సూపరింటెండెంట్ బసవేశ్వరరావు. రికార్డు అసిస్టెంట్ పుష్పలత. తలుపు దగ్గర, ఎవరూ రమ్మనకపోయినా వచ్చి నిలబడ్డ ముబీనా.

ముబీనాది తెనాలి. బట్టలు కుడుతుంది. పాతికేళ్ళ కిందట కృష్ణకు వరదొచ్చినప్పుడు ఆమె తండ్రి బుడే సాహెబ్ కొల్లూరు లంకల్లోంచి జనాన్ని దాటిస్తుంటే పడవ తిరగబడింది. చాలామంది పోయారు. ఆయనా పోయాడు. డబ్బుకు ఆశపడి ఎక్కువమందిని ఎక్కించాడని లంకలన్నీ కోడై కూశాయి. ఆ మాటలు పడలేక తల్లీకూతుళ్ళు తెనాలి చేరారు. సర్కారు విచారణ జరిపింది. రిపోర్టు రాసింది. దాని మీద ‘కాన్ఫిడెన్షియల్’ అని ముద్ర కొట్టి మూట కట్టేసింది.

“ఇన్నేళ్ళ తర్వాత ఆ రిపోర్టు ఎందుకమ్మా?” అన్నాడు ఫిన్నీ.

“మా అమ్మ ఇప్పటికీ కొల్లూరులో పెళ్ళికి పిలిచినా పోదు సార్. మా నాన్నది తప్పయితే తప్పని చూపించండి. కాకపోతే కాదని చూపించండి.”

బసవేశ్వరరావు ఎగతాళిగా నవ్వాడు. “సీక్రెట్ రికార్డులు కుట్టుమిషన్ల దగ్గర చదువుకోడానికైతే, ఇక ముద్రలెందుకండీ?”

ఫిన్నీ జేబులోంచి కమిషన్ ఆర్డరు తీశాడు. “ఇరవై ఏళ్ళు దాటిన సంగతి ఎవరడిగినా ఇవ్వాలని చట్టంలోనే ఉందటండి. దేశ భద్రత, చట్టసభల హక్కులు, మంత్రివర్గం కాగితాలు, ఇవి మినహా. పడవ మునకలో దేశ భద్రతేముంది?”

“నేనూ అదే రాశాను సార్,” అంది ముబీనా. “పోయిన దసరా వెళ్ళాక దరఖాస్తు పెడితే ఈయన రహస్యమన్నాడు. పై ఆఫీసరుకి అప్పీలు పెడితే ఉలుకూ పలుకూ లేదు. కమిషన్‌కి పోతే, చూపించమని వాళ్ళు చెప్పారు. అప్పుడొచ్చినయ్ చెదలు.”

“నోరు అదుపులో పెట్టుకో!” గద్దించాడు బసవేశ్వరరావు.

ఫిన్నీ పట్టించుకోలేదు. మూట ఉన్న చెక్క అరను అరచేత్తో తడిమాడు. నున్నగా ఉంది.

“చెక్కని ముట్టని చెదలేంటండి ఇవి?”

“ఇక్కడ పట్టలేదు. గుంటూరులో పట్టాయి. జిల్లాలు విడిపోయినప్పుడు లారీలో అట్లాగే వచ్చింది.”

“మీరు చూశారా?”

“దగ్గరుండి దింపించాను. ఆ రోజు నుంచీ ఈ అరలోంచి కదల్లేదు. కమిషన్‌కి అఫిడవిట్ కూడా ఇచ్చాను.”

“గది తాళాలు?”

“నా దగ్గరొకటి, ఈమె దగ్గరొకటి.”

పుష్పలత గయ్యిమంది. “నా మీదికి తోస్తున్నారా సార్?”

“నీ పేరెవరెత్తారమ్మా?”

“తాళమెత్తారుగా! ఎత్తినట్టే!”

“ఈ తెనాలావిడ వచ్చినప్పుడల్లా నీకు టీలు తాగించింది. ఇంకేం ముట్టజెప్పిందో నాకేం తెలుసు?”

ముబీనా మొహం ఎర్రబడింది. ఫిన్నీ చెయ్యి అడ్డం పెట్టాడు. చాలాసేపు ఆ అరనే చూశాడు. పై అర చూశాడు, కింది అర చూశాడు. పుష్పలతను పక్కకు పిలిచి ఒక్క ప్రశ్న అడిగాడు. రేపల్లెకు ఒక ఫోన్ చేశాడు.

“మూడింటికి మళ్ళీ ఇక్కడే. ఎవరూ గడప దాటొద్దు.”

మూడింటికి అందరూ చేరారు. ఫిన్నీ ట్యూబ్‌లైటు వేశాడు.

“ఈ మూటల్ని చూడండి. ఏం కనపడుతోంది?”

“దుమ్ము,” అన్నాడు బసవేశ్వరరావు.

“దుమ్ము కింద?”

అప్పుడు కనిపించాయి. వెలిసిపోయిన గంధం బొట్లు, మధ్యలో కుంకుమ. బారున ప్రతి మూట నుదుటా ఒకటి.

“ఆయుధపూజ బొట్లు,” అన్నాడు ఫిన్నీ. “మా స్టేషన్‌లో జీపుకీ తుపాకీకీ పెడతారు. ఇక్కడ మూటలకి పెట్టారు. ఎవరు పెట్టారమ్మా?”

“నేనే సార్,” అంది పుష్పలత. “పోయిన దసరాకి గదంతా కడిగి ఒక్కో మూటకీ పెట్టాను. ఒక్కటీ వదల్లేదు. వదిలితే ఏడాదంతా నాకు మనసు పీకుతుంది.”

ఫిన్నీ చెదల మూటను వెలుగులోకి తెచ్చాడు. గుడ్డ నలువైపులా తిప్పి చూపించాడు.

బొట్టు లేదు.

“లారీ దిగినప్పటి నుంచీ కదలని మూటకి దసరా ఎందుకు రాలేదండి? ఇది దసరా తర్వాత వచ్చిన మూట. బొట్లు పెట్టిన మనిషే మార్చి ఉంటే దీనికీ ఒకటి పెట్టేది. ఇక మిగిలింది మీ తాళమే.”

“ఒక బొట్టు పట్టుకొని నన్ను దొంగనంటారా?”

“బొట్టు కాదండి, మూట కదల్లేదని మీరిచ్చిన అఫిడవిట్ పట్టిచ్చింది. ఆ వరదల్లో కొల్లూరు రేవులో డ్యూటీ ఎవరిదని రేపల్లెలో ఒక రిటైర్డు తహసీల్దారుని అడిగాను. మీ పేరు చెప్పాడు. అప్పుడు మీరు కుర్ర గుమాస్తా.”

బసవేశ్వరరావు కుర్చీ వెతుక్కున్నాడు.

“అసలు ఫైలు కాల్చేశారా?”

బసవేశ్వరరావు చూపు బొట్లున్న మూటల మీదికి పోయింది.

“కాల్చలేదు,” అన్నాడు ఫిన్నీ నెమ్మదిగా. “దానికి బొట్టుంది. పూజ చేసిన మూటని పొయ్యిలో పెట్టడానికి మీకు చెయ్యాడలేదు. అవునా?”

“ఇంట్లో...” అన్నాడు బసవేశ్వరరావు. “దేవుడి గది అటక మీద.”

ఆరున్నరకు రేపల్లెలోని బసవేశ్వరరావు ఇంట్లో మూట దొరికింది. బొట్టు చెక్కుచెదరలేదు. రిపోర్టులో సంగతి నాలుగు వాక్యాలే. బరువెక్కువైందని బుడే సాహెబ్ రెండుసార్లు పడవ కట్టేశాడు. ఇక ఎక్కించనన్నాడు. రేవులో ఉన్న గుమాస్తా కేకలేసి జనాన్ని ఎక్కించాడు. తాడు తనే విప్పాడు.

మర్నాడు ఆఫీసులో ముబీనా నిలబడే చదివింది. రెండోసారీ చదివింది. కన్నీళ్ళు పెట్టుకోలేదు.

“సర్టిఫైడ్ కాపీలు ఇస్తారు,” అన్నాడు ఫిన్నీ. “ఎన్ని కావాలో రాసివ్వమ్మా. లంకల్లో మిమ్మల్ని అన్నవాళ్ళందరికీ పంచుకోవచ్చు.”

“ఒక్కటి చాలండి.”

“ఒక్కటేనా?”

“మా గుమ్మానికి అంటిస్తాను. మా అమ్మ అక్కడే కూర్చుంటుంది. చదువుకోవాల్సినవాళ్ళు తెనాలి బస్సెక్కి రావాలి సార్. మేం ఎవరింటికీ పోం.”