పెరటి వైపు తీగ

రేడియో ఇంటి వెనక సందుకి రెండేళ్ళుగా చెడ్డపేరు. చీకటి పడ్డాక చుట్టు తిరిగైనా పోతారు గానీ ఆ పెరటి గోడ పక్కన ఎవరూ అడుగు పెట్టరు. అక్కడ ఒక గొంతు అడుగుతుందట. రొప్పుతూ, మూలుగుతూ… ఒకే మాట.

"పట్టుకున్నావా…?"

దెయ్యం మనుషుల్ని పట్టుకోవడం లోకంలో ఉన్నదే. పట్టుకున్నావా అని మనిషినే ఎదురడిగే దెయ్యాన్ని ఎవరూ ఎరగరు. అందుకే భయం రెట్టింపు.

ఆ ఇంటాయనకి రేడియో పిచ్చి. పెరట్లో డెబ్బై అడుగుల టవరు నిలబెట్టుకుని, ఎక్కడెక్కడివాళ్ళతోనో తెల్లవార్లూ మాట్లాడేవాడు. రెండేళ్ళ కిందట ఆయన పోయాడు. భార్య కూతురి దగ్గరికి వెళ్ళింది. ఇంటికి తాళం పడింది. టవరు మాత్రం మూడు వైపులా లాగి కట్టిన ఇనుప తీగల మీద అలాగే నిలబడి ఉంది.

దాన్ని ఎత్తి నిలబెట్టింది ఆయన బావమరిదే. టవర్లెక్కడమే అతని పని, అందరూ మేస్త్రీ అంటారు. ఇదంతా అతను చెప్పగా విన్నదే.

ఆ రోజు అప్పటికే రెండు టవర్లెక్కి దిగాడు మేస్త్రీ. మోకాళ్ళు తనవి కానట్టున్నాయి. అన్నం ముందు కూర్చోగానే అక్క ఫోను చేసింది. తెల్లవారుజామున పెద్దగాలి వస్తుందంటున్నారని చెప్పి, ఒక్క మాట అంది.

"బావ లేకపోయినా ఆయన టవరు ఎవరి నెత్తినా పడకూడదురా, తమ్ముడూ."

ఆ నెత్తి ఎవరిదో ఇద్దరికీ తెలుసు. టవరుకి ముందు వైపు దర్జీ రేకుల ఇల్లు. పెరటి వైపు తీగ ఒక్కటి వదిలిందంటే టవరు తిన్నగా ఆ రేకుల మీదే. మేస్త్రీ వెళ్ళి ఈ రాత్రికి ఇంకెక్కడైనా పడుకోమని బతిమాలాడు. మంచం పట్టిన తల్లిని ఎక్కడికి మొయ్యమంటావని దర్జీ అడిగాడు. దెయ్యానికే కదలనివాళ్ళం, గాలికి కదులుతామా అని నవ్వాడు కూడా. నవ్వులో పస లేదు.

తిరిగి వస్తుంటే మేస్త్రీకి పాత సంగతొకటి గుర్తొచ్చింది. బావ పోయే ముందు ఏడాది అడిగాడు, పెరటి వైపు తీగని నేలకి పట్టి ఉంచే యాంకరు కడ్డీ చూశావా అని. చూశాను, రాయిలా ఉందన్నాడు మేస్త్రీ. మట్టి తీసి చూశావా అని మళ్ళీ అడిగాడు. తీశానన్నాడు. తియ్యలేదు. ఆ రోజూ ఇలాగే ఒళ్ళు పులిసిపోయి ఉంది. నేల పైన కనిపించే జానెడు కడ్డీకి వెండిరంగు పూసి వచ్చేశాడు. కడ్డీ తుప్పు పట్టేది పైన కాదు, మట్టి లోపల. ఆ సంగతి నలుగురికీ నేర్పినవాడే అతను.

తాళం తీసి పెరట్లోకి వెళ్ళేసరికి పదిన్నర. ఆకు కదలడం లేదు. టార్చి వేసి చూశాడు. పెరటి తీగ బిగువుగానే ఉంది. పర్వాలేదనుకున్నాడు.

అయినా పాతదాన్ని ముట్టుకునే ముందు కొత్తది వెయ్యాలి, అది పనిలో మొదటి పాఠం. మరమేకులా నేలలోకి దిగే నిలువెత్తు కొత్త కడ్డీని, గునపం అడ్డంపెట్టి తిప్పుతూ పోయాడు. నాలుగు చుట్లకోసారి కూర్చున్నాడు. గంటన్నర పట్టింది. దానికి గొలుసు కప్పీ తగిలించి, రెండో కొసని తీగకి బిగించి, పిడి ఆడించాడు. గొలుసు బిగిసింది. ఇక టవరు లాగే బరువు పాత కడ్డీని వదిలి దాని మీదకి రావాలి.

రాలేదు.

పిడి ఆడించి గొలుసుని ఇంకో రెండు పళ్ళు లాగాడు. తీగ బరువంతా ఇంకా పాత కడ్డీ వైపే ఉంది. చిరాకేసి, ఆ కడ్డీ మొదట్లో మట్టి గీకి, చేత్తో పట్టుకుని కదిపాడు…

కడ్డీ తీగ కొక్కెంలోంచి ఊడి చేతిలోకి వచ్చేసింది.

అడుగున పెన్సిలంత సన్నం. విరిగిన చోట నల్లగా, పాతబడిన తుప్పు. నిన్నో మొన్నో విరిగింది కాదు. విరిగి రెండు వానాకాలాలు అయి ఉంటుంది.

తీగ మాత్రం అలాగే ఉంది, బిగువుగా. దాని కొస దేనికీ కట్టి లేదు, గొలుసు మీదా ఇంకా బరువు లేదు. చేతిలో కడ్డీ… కొసన వేలాడాల్సిన తీగ, నేల వైపు తిన్నగా సాగి, గాలిలో నిలబడి ఉంది.

మేస్త్రీ కడ్డీని కింద పడేశాడు.

అప్పుడు వినిపించింది. చెవి పక్కనే. రొప్పుతూ…

"పట్టుకున్నావా…?"

సందులో వాళ్ళకి తెలియదు. మేస్త్రీకి తెలుసు. ఇద్దరు మనుషులు టవరు ఎత్తేటప్పుడు, తీగ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారేటప్పుడు, ఇచ్చేవాడు ఆ మాట అడగాలి. పుచ్చుకునేవాడు జవాబు చెప్పాలి. జవాబు వినేదాకా, అరచేతులు తెగినా సరే, మొదటివాడు వదలకూడదు. బావ ఏనాడూ వదల్లేదు.

రెండేళ్ళు. ఎండలో, వానలో, టవరు దర్జీ తల్లి మంచం మీద పడకుండా.

మేస్త్రీకి ఏడుపు తన్నుకొచ్చింది. గొలుసు పిడి రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు నేలకి తన్నిపెట్టాడు.

"పట్టుకున్నా బావా," అన్నాడు. "వదిలెయ్."

పిడి అదిరింది. బరువు మొత్తం ఒక్కసారిగా గొలుసు మీదకి వచ్చిపడింది. కొత్త కడ్డీ వేలెడంత ఒరిగి, మట్టిని కరిచిపట్టుకుని ఆగింది. పైన టవరు ఒక్కసారి ఊగి, నిలబడింది.

మేస్త్రీ వెనకాల ఎవరో నేల మీద కూలబడ్డారు.

"హమ్మయ్య…"