ఆమె చెబితే ఆగాడు

చీఫ్ ఒక ఫోటోను టేబుల్ మీద ముందుకు జరిపాడు. ఏజెంట్ దాన్ని చేతిలోకి తీసుకుని దగ్గరగా చూశాడు. అందులో ఉన్నది అతని భార్య తమ్ముడు.

"సరిహద్దు అవతలి ముఠా రెండేళ్ళుగా వీణ్ణి ఫోన్లోనే తయారుచేసింది. ఇవాళ పదకొండింటికి పాస్‌పోర్ట్ ఆఫీసు. నీళ్ళ క్యాన్లో బాంబు, చేతిలో బటన్. జనాన్ని కదిలిస్తే బయటే నొక్కేస్తాడు. షూట్ చేసినా నొక్కేస్తాడు. మాటలతోనే ఆపాలి."

"నిన్న రాత్రే మా ఇంట్లో భోంచేశాడు సార్."

"తెలుసు. ఆ సంగతీ అవతలికి చేరవేశాడు."

వ్యాన్లో మైనా ఎదురుచూస్తోంది. మెడలో ముత్యాలు, కళ్ళకు నల్లద్దాలు. ముఠా నాయకుడి ఆదేశాలను తెలుగులో వినిపించే గొంతు ఆమెదే. ఆర్నెల్లుగా ఇటువైపూ కబురు అందిస్తోంది.

"నువ్వే ఆపమని చెప్పొచ్చుగా?" అన్నాడు ఏజెంట్.

"లైన్లో నాయకుడూ వింటుంటాడు. మా అమ్మ వాళ్ళ దగ్గరుంది."

ఏజెంట్ హౌస్‌కీపింగ్ యూనిఫాం తొడుక్కుని, చెవిలో గింజంత ఇయర్‌పీస్ పెట్టుకుని ఆఫీసు హాల్లో నేల తుడవసాగాడు. క్యూలో డెబ్భై మంది ఉన్నారు.

పది యాభై ఎనిమిదికి బావమరిది చెవిలో ఇయర్‌ఫోన్‌తో, క్యాన్ భుజాన పెట్టుకుని వచ్చాడు.

"అది దించరా. మీ అక్క ముఖం చూసైనా దించు."

వాడు ఉలిక్కిపడ్డాడు. కళ్ళు తడిశాయి. వేలు మాత్రం బటన్ మీంచి కదల్లేదు.

"పక్కకెళ్ళు బావా. నీకర్థం కాదు."

"చెప్పు, వింటాను."

"రెండేళ్ళ క్రితం అడగాల్సింది."

పరాయివాళ్ళ గుట్టు లాగడంలో ఇరవయ్యేళ్ళు గడిపిన మనిషికి సొంత ఇంట్లో ఆ మాట అడగాలని ఎప్పుడూ తోచలేదు. శిక్షణలో నేర్చిన మాటలేవీ ఇక్కడ పనికిరావు.

"మైనా," అన్నాడు సన్నగా. "నా వల్ల కావడం లేదు."

తర్వాత ఇద్దరి చెవుల్లోనూ ఒకే గొంతు పలికింది.

"తమ్ముడూ, ఆగు. వేలు తీసెయ్. నేను చెబుతున్నాను."

వాడు బుద్ధిగా వేలు తీసి, క్యాన్ కింద పెట్టాడు. పదకొండుకి ఇంకా నాలుగు సెకన్లున్నాయి.

బేడీలు వేస్తుంటే వాడు ఒక్కటే అడిగాడు. "అక్కకేం కాదుగా?"

"మీ అక్క ఇంట్లో క్షేమంగానే ఉందిరా."

"ఆ అక్క కాదు బావా."

వ్యాన్లో మైనా నల్లద్దాలు తీసేసి, అమ్మ నంబరుకు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తోంది. అవతల రింగవుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.

"మిషన్ సక్సెస్," అన్నాడు చీఫ్ వైర్‌లెస్‌లో. "సాయంత్రానికల్లా రిపోర్ట్ పంపు."

ఆ రిపోర్ట్ రాయడం ఏజెంట్‌కు చిటికెలో పని. ఇంటికెళ్ళి భార్యకు ఇవ్వాల్సిన రిపోర్టుకే డిపార్ట్‌మెంట్‌లో ఎక్కడా ఫారం లేదు.