చింతపండుతో తోమిన పతకం

కార్తీక అమావాస్య నాటి ఉదయం. ఝాన్సీలక్ష్మి వంటింట్లో పులిహోరకు పోపు పెడుతోంది. పూజగదిలోంచి అత్తగారి గొణుగుడు సన్నగా వినిపిస్తోంది. సీతారావమ్మ పుట్టిల్లు కారంపూడి దగ్గర. ఏటా ఈ రోజుల్లో అక్కడ పల్నాటి వీరుల ఆయుధాలు కడిగి, పసుపు కుంకుమలు పెట్టి మొక్కుతారు. ఈ ఏడు మోకాళ్ల వాపుతో ఆవిడ నరసరావుపేట దాటలేకపోయింది.

ఉన్నట్టుండి హాల్లోంచి భర్త అరుపు వినిపించింది.

"ఏందమ్మా ఈ పని? దీన్ని ముట్టుకోమని నీకెవురు చెప్పారు?"

ఝాన్సీ పరుగున వెళ్లింది. అమరేశ్వరరావు అరచేతిలో, పూజగదిలోంచి తెచ్చిన శిలువ ఆకారపు జర్మనీ పతకం. నిన్న నల్లగా నిగనిగలాడింది. ఇవాళ తెల్లగా ఇనుము బయటపడింది. గాడుల్లో పసుపు, నడిమధ్యన కుంకుమబొట్టు.

ఎరువుల కొట్టు నడిపే ఆ మనిషికి పాత జర్మనీ సైనిక పతకాలంటే ప్రాణం. ఇది ఆ దేశం వాళ్లు పద్దెనిమిది వందల డెబ్బైలో చేసిన యుద్ధం నాటిది, ఇప్పుడు దొరకడం అరుదు. నడుమ ఇనుము, అంచు వెండి. అయస్కాంతం నడుమనే అంటుకుంటోందనీ, అంచు అతుకు పాత పద్ధతిలోనే ఉందనీ భూతద్దంతో చూసి మురిసిపోయాడు. పుణెలో ఉండే నిపుణుడు ఇవాళ ఫోన్లో చూసి అసలుదో నకిలీదో తేలుస్తానన్నాడు. ఆయన ముఖ్యంగా చూడాలన్నది ఆ పాత నల్లరంగునే. చూపించడానికని రాత్రే బీరువాలోంచి తీసి బల్లమీద పెట్టుకున్నాడు.

"చచ్చిపోయిన వీరుడిదని నిన్న నువ్వేగదరా చెప్పింది," అంది సీతారావమ్మ.

"నువ్వు వదలకుండా అడుగుతుంటే నోటికొచ్చింది చెప్పా. అంతమాత్రాన చింతపండేసి తోముతావా?"

"వీరుడి వస్తువుని మురికితో పెట్టి మొక్కుతారా ఎక్కడన్నా?"

"పేటకొచ్చి ఇన్నేళ్లయినా నీ మొద్దుతనం పోలా. ఇంకోసారి నా వస్తువుల జోలికొచ్చావంటే ఈ ఇంట్లో ఉండబాకు."

ఆ మాటతో ముసలావిడ గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్లి మంచం కింద సంచీ లాగింది.

"నకరికల్లు పోతా. నా కూతురు నన్ను చెంబులన్నా తోమనిస్తది."

ఝాన్సీ వెళ్లి పొయ్యి ఆపేసి వచ్చింది. ఎన్నాళ్లనుంచో మింగుతున్న కోపం ఇక గొంతు దిగలేదు.

"ఆమె ఎక్కడికీ పోదు. ముందు మీరు చెప్పండి. అదెవరిది?"

"చెప్పాగా, డెబ్బై నాటి యుద్ధం..."

"సంవత్సరం అడగలా. మనిషి."

"తెలీదు."

"బరువు తెలుసు, అతుకు తెలుసు, మనిషి తెలీదు. దానికి మాత్రం మఖమలు గుడ్డ, బీరువా, తాళం. మీరది బయటికి తీస్తే మేం ఊపిరి బిగబట్టుకుని నడవాలి. మీ అమ్మ మోకాలు వాచి వారమైంది. దాన్ని ఏ భూతద్దంతో చూశారు?"

"నువ్వూ తయారయ్యావా? అదెంత నష్టమో నీకు తెలుసా?"

"తెలీదు. తెల్లారగట్ల ఆమె నన్ను లేపి, ఆ పిల్లాడి పేరేందే అనడిగింది. పేరు పెట్టి పిలిచి మొక్కాలంట. మిమ్మల్ని లేపితే కసురుతారని భయపడి, సరేలే, నాయనా అని పిలుస్తా అంది. కన్నకొడుకుని లేపడానికి భయపడిందండీ. ఆ నష్టం మీకు తెలుసా?"

అమరేశ్వరరావు తల్లి గది గుమ్మం దగ్గరికి వెళ్లాడు. ఆవిడ చీరలు మడిచి సంచీలో కుక్కుతోంది.

"అమ్మా."

"ఏంది?"

"కోపంలో అన్నా."

"నువ్వు ఎప్పుడనలా కోపంలో?" ఆవిడ తలెత్తలేదు. "ఎవురో కన్నబిడ్డ. యుద్ధం నుంచి తిరిగొస్తే వాళ్లమ్మ దగ్గరుండి కడిగేది. ఇప్పుడామె లేదు. నేనున్నా, కడిగా. నేను చేసిన తప్పు అంతేగా."

అతను గుమ్మంలోనే కూలబడ్డాడు. మోకాళ్లలో ముఖం పెట్టుకుంటే భుజాలు కదిలాయి. ఝాన్సీకి జాలి వేసింది గాని కోపం మొత్తం పోలేదు. దేవుడి గదిలో ఏది పెట్టవచ్చో, ఏది కూడదో తనకు తెలియదు. అత్తగారి మొక్కు దేవుడికి చేరలేదని మాత్రం ఎవరు చెప్పినా ఆమె నమ్మదు.

ఫోను మోగింది. పుణె పెద్దాయన.

"ఎత్తరా," అంది సీతారావమ్మ. "రంగు పోయిందని చెప్పు. ఆ బిడ్డ పేరేందో కనుక్కోమను."

"అట్టా దొరకదమ్మా. ఆనాడు అవి వేలమందికి ఇచ్చారు."

"వేలమందికీ అమ్మలున్నారు గదరా."

అమరేశ్వరరావు కళ్లు తుడుచుకుని ఫోను ఎత్తాడు. అటువైపు ప్రశ్నకు ఇంగ్లీషులో తడబడుతూ జవాబు చెప్పాడు. మా అమ్మ కడిగింది, పాడు చేయలేదు, అన్నాడు. తర్వాత ఈ పతకం ధరించిన మనిషి పేరు తెలుసుకునే దారేమన్నా ఉందా అని అడిగాడు.

లోపల సీతారావమ్మ సంచీలోంచి చీరలు ఒక్కొక్కటే బయటికి తీస్తోంది.

"ఏమే ఝాన్సీ, వాడికి మంచినీళ్లియ్యి. అరిచి అరిచి గొంతెండిపోయుంటది."