బిస్కెట్ డబ్బాలో రెండు చీటీలు

"మూడంటే మూడు నిమిషాలే! అంతకు మించి ఒక్కరు స్నానం చేసినా నా మోటారు కాలిపోతుంది మేడమ్!"

వర్షంలో తడిసి ముద్దై, చేతిలో రెంచీతో మా వంటింటి గుమ్మంలో నిలబడి అరిచినవాడు పంపులు బాగుచేసే అబ్బాయి. గొడుగు మడవడం కూడా మరిచిపోయి అతని మీదికి వెళ్లింది మా మనవరాలు.

"సముద్రాలు దాటి వచ్చినవాళ్లకు స్నానానికి టైమ్ చెప్పమంటారా? మర్యాద అనేది తెలుసా మీకు?"

"నాకు తెలుసు మేడమ్. మోటారుకే తెలియదు."

చేతిలో గరిటె పట్టుకునే నవ్వాను నేను. అదీ వాళ్ల తొలి పరిచయం.

ఈ మిషన్ ఇంట్లో ఇరవై రెండేళ్లుగా వంట చేస్తున్నాను. విదేశాల నుంచి పది పన్నెండు మంది చొప్పున టీములు వస్తాయి. రెండు వారాలుండి, బడికి రంగులు వేస్తారు, కుళాయిలు బిగిస్తారు, జబ్బుపడ్డవాళ్లను చూస్తారు, ప్రార్థన చేసి వెళ్తారు. వాళ్ల మాట మాకు, మా మాట వాళ్లకు చెప్పేది మా మనవరాలు. తల్లీతండ్రీ లేని పిల్ల, నా చేతుల్లోనే పెరిగింది.

నాలుగు నెలలు, నాలుగు టీములు. ఆ ఇద్దరూ కొట్లాడుకోని రోజు లేదు. కానీ ఒకటి గమనించాను. పంపు బాగుచేయడానికి తల దువ్వుకుని వచ్చేవాణ్ని అంతకుముందు నేనెక్కడా చూడలేదు.

నాలుగో టీముకి పెద్ద ఒక ముసలాయన. తన దేశంలో నలభై ఏళ్లు బస్సు నడిపాడట. నేను తెల్లగడ్డం అని పేరు పెట్టుకున్నాను. బడి వెనక పూడిపోయిన కాలువను ఆ వయసులో మోకాళ్లమీద కూర్చుని చేతులతో తీశాడు. ఫోటో తీయబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. అలాంటివాళ్లకు వండిపెట్టడం కూడా అదృష్టమే.

ఆ టీము వచ్చిన రోజే హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మా పిల్ల చేస్తున్న పని వాళ్లకు నచ్చిందట. టీము తిరిగి వెళ్లే శుక్రవారం అదే వ్యాన్‌లో రావాలట, రెండేళ్లు ఊరూరూ తిరుగుతూ పనిచేయాలట.

"వెళ్లనా అమ్మమ్మా?"

"నీ ఇష్టం తల్లీ." అంతే అన్నాను. ముసలిదాన్ని చూసి జాలిపడి ఆగిపోవడం నాకిష్టం లేదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మొదటి సాయంత్రం ఇంట్లో ఉన్న ప్రతివాళ్లూ తమ ప్రార్థన ఒక చీటీ మీద, పేరు లేకుండా రాసి బిస్కెట్ డబ్బాలో వేస్తారు. ఎవరికి ఏ చీటీ వస్తే, వెళ్లేదాకా దానికోసం వాళ్లు ప్రార్థించాలి. రాసినవాళ్లెవరో తెలిసినా బయట పెట్టకూడదు. ఆ సాయంత్రం పంపబ్బాయి చేతులు కడుక్కునే సింకు కింద దూరి పైపు బిగిస్తున్నాడు. అతనికీ రాయమని ఒక చీటీ ఇచ్చాం.

నాకు వచ్చిన చీటీని అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. 'ఉండమని ఒక్కరూ అనడం లేదు ప్రభువా.' ఆ గుండ్రటి అక్షరాలు ఎవరివో నాకు తెలియదా? నియమం నియమమే, చీటీ కొంగున కట్టుకున్నాను.

తెల్లగడ్డానికి వచ్చింది మన భాషలో ఉంది. మా పిల్ల వాళ్ల భాషలో చదివి, నాకోసం మళ్లీ చదివింది.

"ఒకరంటే నాకు ప్రాణం. నోరు తెరిస్తే గొడవే వస్తోంది. శుక్రవారంలోపు ఒక్క మంచి మాట అనే ధైర్యం ఇవ్వు ప్రభువా."

సింకు కింద రెంచీ ఠంగుమని పడింది.

"డ్రైవర్‌గారా?" అంది మా పిల్ల, టీముల వ్యాన్ నడిపే అతని వైపు తిరిగి.

"నలుగురు పిల్లల తండ్రినమ్మా, నన్ను లాగకు!" అన్నాడు డ్రైవర్. టీములో ఒక నర్సు, ఆ చీటీ నాదేనన్నట్టు నన్ను చూసి కన్ను కొట్టింది. నా వయసుకైనా విలువ ఇవ్వలేదు!

మా పిల్ల అంత చదువు చదివింది. చీటీ మీది గ్రీజు మరక మాత్రం దానికి కనిపించలేదు.

ఆ రోజు నుంచి రోజూ టిఫిన్ దగ్గర తెల్లగడ్డం లేచి నిలబడి అడిగేవాడు. మా పిల్ల చెప్పేది: "ధైర్యం వచ్చిందా అని అడుగుతున్నారు." స్నానాల వేళ మోటారుకి కాపలా కాసి, బల్ల చివర టీ తాగుతున్న అబ్బాయి తల కప్పులోకి దూరిపోయేది. తెల్లగడ్డం అటే చూసి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేవాడు.

శుక్రవారం వచ్చింది. వర్షం. మా పిల్ల పెట్టె గుమ్మంలో ఉంది. పంపబ్బాయి మాత్రం రాలేదు.

దేవుడా క్షమించు అనుకుంటూ గొడుగేసుకుని ట్యాంకు వెనక్కి వెళ్లాను, వాల్వు కట్టేద్దామని. అక్కడ తెల్లగడ్డం వాల్వు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. అప్పటికే కట్టేశాడు! నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. ఒక్క గొడుగు కింద ఇద్దరం పక్కనున్న గోడ చాటున దాక్కున్నాం.

స్నానాల గదుల్లోంచి కేకలు మొదలయ్యాయి. మా పిల్ల ఫోన్ చేసింది. ఐదు నిమిషాల్లో వచ్చి, మా పిల్ల వెంటరాగా ట్యాంకు దగ్గరికి నడిచాడు అబ్బాయి. తల దువ్వుకోలేదు.

"మోటారు బాగానే ఉంది మేడమ్. వాల్వు ఎవరో కట్టేశారు."

"మీరేనా?"

"నేనా? ఈరోజు ఇటు రాకూడదనే అనుకున్నాను."

"ఎందుకు?"

"మీరు వ్యాన్ ఎక్కుతుంటే చూడలేక."



"ఆ చీటీ..." అంది మా పిల్ల, మెల్లగా.

"నాదే."

"ధైర్యం రాలేదా మరి?"

"దారిలో ఉంది."

"వ్యాన్ కూడా దారిలోనే ఉంది!"

"వెళ్లొద్దు," అన్నాడు ఒక్కసారిగా. "ఉండిపో. రోజూ తిట్టు, పడతాను. నువ్వు లేకపోతే ఈ ఇంటి గుమ్మం ఎక్కలేను."

మా పిల్ల కళ్లు తుడుచుకుంది. వాన అనుకోమంటారా?

"ఉండమని నన్నెవరూ అనలేదు, తెలుసా? మూడు నిమిషాలు కూడా పట్టని మాటకి నాలుగు నెలలు చేశావు!"

"అమ్మమ్మగారిని అడగాలి కదా..."

ఇక ఆగలేకపోయాను. "అమ్మమ్మ ఒప్పుకుంది నాయనా! ముందు నీళ్లు వదలండి, లోపల పదిమంది సబ్బుతో ఉన్నారు!"

తెల్లగడ్డం గోడ చాటునుంచి వచ్చి వాల్వు తిప్పాడు. లోపల్నుంచి ఈలలు, చప్పట్లు.

గుమ్మంలో ఉన్న పెట్టెను మా పిల్లే మళ్లీ లోపలికి తెచ్చుకుంది. టిఫిన్ దగ్గర తెల్లగడ్డం ఎప్పటిలాగే లేచి అడిగాడు. మా పిల్ల ముఖం ఎర్రబడింది.

"ధైర్యం వచ్చిందా అని... అడుగుతున్నారు."

"వచ్చింది," అన్నాడు పంపబ్బాయి. ఈసారి తల దించలేదు.

ఆ ఒక్క మాటను మా పిల్ల వాళ్ల భాషలోకి మార్చలేదు. తెల్లగడ్డం కూడా దానికోసం ఆగలేదు. చేతులు జోడించి "ఆమేన్" అన్నాడు.

ఆ మాట మాకూ వాళ్లకూ ఒకటే.